జిప్పుల కోసం తాళం పగలగొట్టలేదు

నా పేరు, నా భర్త పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. అవి మళ్ళీ చెప్పను. షెడ్డులో నన్ను అందరూ కత్తెరమ్మ అంటారు, ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతాను. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో నాకు తెలియదు. షెడ్డు కార్డు మీద యాభై నాలుగని ఉంది, అది పనిలో పెట్టుకోవడానికి వాళ్ళు వేసుకున్న వయసు. చదువు లేదు. రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో దారాలు కత్తిరించడం నా పని. చొక్కా కుట్టడం అయిపోయాక కాలరు కింద, చేతుల దగ్గర, గుండీల వెనక వేలాడే పోగులన్నీ చిన్న కత్తెరతో తీసెయ్యాలి. పోగు మిగిలితే చొక్కా వెనక్కి వస్తుంది. నా చేతిలోంచి పోయిన చొక్కా వెనక్కి రాలేదు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం పోలీసు స్టేషన్‌లో నేను ఒక వాంగ్మూలం ఇచ్చాను. షెడ్డు స్టోరు గది తాళం పగలగొట్టి జిప్పుల పెట్టెలు దొంగిలించబోయానని, నా కోడలు గుమ్మంలో కాపలా నిలబడిందని అందులో ఉంది. కింద వేలిముద్ర నాదే. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. దొంగతనానికి వెళ్ళానని నా నోటితో నేనే చెప్పాను. కోడలి ముక్క మాత్రం నేను చెప్పలేదు, సూపర్‌వైజరు చెప్తే కలిపారు. రాసింది చదివి వినిపించమని నేను అడగలేదు. తొందరగా వేలిముద్ర వేసేసి తల దించుకుని కూర్చుంటే చాలనిపించింది. ఆ వాంగ్మూలం అబద్ధం. ఇది నిజం.

"అమ్మా, మొన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెప్తే నీ మీదికే వస్తుంది, తెలుసా?" అని మేజిస్ట్రేటు అయ్యగారు అడిగారు. తెలుసన్నాను. ఆడవాళ్ళ విషయమైతే గదిలో ఉన్న మగవాళ్ళని బయటికి పంపిస్తానన్నారు. వద్దన్నాను. కూర్చోనివ్వండి, విననివ్వండి అన్నాను. నా ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టించారు. అలవాటు లేక ముట్టుకోలేదు. ఎందుకు అలవాటు లేదో చెప్పడానికే వచ్చాను.

మా షెడ్డుకు రేకుల కప్పు. గేటులోంచి రాగానే ఎడమ పక్క బట్ట కోసే బల్లలు, వాటి వెనక ఇస్త్రీ బల్లలు. అక్కడంతా మగవాళ్ళు. కుడి పక్క కుట్టు మిషన్లు, చివర్లో మా దారాల బల్ల. ఇక్కడ ఆడవాళ్ళం. సూపర్‌వైజరు మేజా మగవాళ్ళ వైపు ఉంది. ఆడవాళ్ళ మరుగుదొడ్డి వెనక గోడకి, ఇస్త్రీ బల్లల అవతల. అందులో రెండు గదులు. మూడేళ్ళ కిందట వానలకి స్టోరు కప్పు కారి సరుకు తడిసిందని, గుండీల పెట్టెలు, జిప్పుల పెట్టెలు తెచ్చి అందులో పేర్చారు. ఒక గది కప్పు దాకా నిండిపోయింది. రెండోదాని తలుపు సగమే తెరుచుకుంటుంది, పక్కకు తిరిగి దూరాలి. సరుకు ఉంది కాబట్టి బయట తలుపుకి తాళం వేశారు. వానలు పోయాయి, కప్పు బాగుచేయించారు, పెట్టెలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. గోడ మీద ఆడమనిషి బొమ్మ అలాగే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ బొమ్మ చూసి తలూపి వెళ్ళిపోతారు.

తాళంచెవి సూపర్‌వైజరు దగ్గరుంటుంది. ఎక్కడైనా పారేస్తామని దానికి ఎర్రటి దారం కండె ఒకటి కట్టాడు, మూర పొడుగుంటుంది. కావాల్సినవాళ్ళు మిషను ఆపి, అతని మేజా దాకా నడిచి, అడిగి, ఆ కండె చేత్తో పట్టుకుని ఇస్త్రీ బల్లల మధ్య నుంచి వెళ్ళాలి. కొంగు కింద పెట్టుకుందామంటే దాగదు. "కండె కదిలిందిరోయ్!" అని ఒకడు కేకేస్తాడు. మిగతావాళ్ళు ఇస్త్రీపెట్టెలు పైకెత్తి దారి ఇస్తారు, పెళ్ళివారు వస్తున్నట్టు. రెండోసారి అడిగితే సూపర్‌వైజరు, "ఇందాకే కదమ్మా వెళ్ళావు, లోపల బావేమైనా తవ్వుతున్నావా?" అంటాడు. అతను దుర్మార్గుడని నేననను. పిల్లలకి జ్వరమంటే సెలవిస్తాడు. నవ్వించడానికే అంటాడు. అందరూ నవ్వుతారు. వేరేవాళ్ళని అన్నప్పుడు నేనూ నవ్వాను.

నా నోరు మంచిది కాదని షెడ్డంతా అంటుంది. నిజమే. మా బల్ల మీది ఫ్యాను ఆగిపోతే యజమాని కారుకి అడ్డంగా నిలబడ్డాను. టీ మరీ నీళ్ళగా ఉందని గ్లాసు సూపర్‌వైజరు మేజా మీద బోర్లించాను. గర్భిణీ పిల్లని నిలబడి చేసే పనికి మారిస్తే, నీ పెళ్ళాన్ని తీసుకొచ్చి నిలబెట్టు చూస్తానని అతని మొహం మీదే అన్నాను. ఇన్ని అన్న నోరు కండె గురించి ఒక్కసారీ లేవలేదు. లేవాలంటే ఆ మాట అనాలి కదా. ఇంతసేపూ చెప్తున్నానే గానీ ఆ మాట ఇంకా అనలేదు, అయ్యగారు గమనించే ఉంటారు.

అందుకని మేం నీళ్ళు తాగం. పొద్దున ఇంటి దగ్గర వెళ్ళి వస్తే మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయాకే. నీళ్ళ సీసాలు అందరం తెచ్చుకుంటాం, తేకపోతే ఇంట్లోవాళ్ళు అడుగుతారు. సాయంత్రం గేటు దగ్గర ఉన్న మందార మొక్కకి ఆ సీసాలు ఒంపేసి వెళ్తాం. రోడ్డు మీద మిగతా చెట్లన్నీ ఎండిపోయినా ఆ మందారం మాత్రం నిగనిగలాడుతుంటుంది. తోటమాలి చేతి చలవ అని యజమాని భార్య ఒకసారి మెచ్చుకుంది. మా షెడ్డుకి తోటమాలి లేడు.

ఇలా బిగపట్టుకుని కూర్చుంటే ఒంట్లో ఏవో వస్తాయి. పొత్తికడుపు నొప్పి, మంట, చలి. వాటన్నిటికీ మా షెడ్డులో ఒకటే పేరు, నడుము. ఎప్పుడో ఒకామె సెలవడుగుతూ ఏం చెప్పాలో తెలియక నడుము పట్టిందని చెప్పింది. సూపర్‌వైజరు మారు మాట్లాడకుండా పంపించాడు. అప్పటి నుంచి అందరికీ అదే. "ఏంటే, అలా ఉన్నావ్?" అంటే "నడుమక్కా" అంటారు. అవతలామెకి అర్థమైపోతుంది. అర్థమైపోతుంది కాబట్టి ఇంకేమీ అడగదు.

నా కోడలు షెడ్డుకి వచ్చి ఏడాదిన్నర. నా కొడుకు లారీ నడుపుతాడు, వారాల తరబడి రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరం ఒక షెడ్డులోనే ఉంటే కలిసి వెళ్ళి కలిసి రావచ్చని నేనే తీసుకొచ్చాను. మిషను పని దానికి బాగా వచ్చు, నేను నేర్పాల్సింది లేదు. మొదటి రోజు నేను నేర్పింది ఒక్కటే.

"దాహమేస్తే గొంతు తడుపుకో. మింగకు. పుక్కిలించి ఊసెయ్."

"రోజంతానా అత్తా?"

"మరి? నేను ఇన్నాళ్ళూ అలాగే చేశాను. చచ్చానా?"

గొప్పగా అన్నాను. అది నవ్వి, "నువ్వు చావవులే అత్తా, నిన్ను చూస్తే యముడే తప్పుకుంటాడు" అంది. చెప్పినట్టే చేసింది. నేను ఏది చెప్పినా ఎదురు మాట్లాడి, ఆ తర్వాత చెప్పినట్టే చేసే పిల్ల.

ఈ ఎండాకాలం మొదట్లో దానికి మొదలైంది. పొద్దున లేవగానే మొహం కాస్త ఉబ్బి ఉండేది. చలిగా ఉందని ఎండలో శాలువా కప్పుకునేది. "నడుమత్తా" అంది. "అందరికీ ఉండేదే" అన్నాను. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే పొద్దున్నే వరసలో నిలబడాలి, ఆ రోజు పని పోతుంది. ఆర్డరు ఉన్న రోజుల్లో పని మానితే ఆ మిషను మీద ఇంకొకరిని కూర్చోబెడతారు. అందుకని సాయంత్రం పని దిగాక మా వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒకటే గది. తలుపు తీసే ఉంటుంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి లోపలి మాటలన్నీ వినిపిస్తాయి. ఆ రోజు బెంచీ మీద మా పాలాయన, మా ఇంటి ఓనరు తమ్ముడు ఉన్నారు.

"ఏమ్మా, ఏంటి బాధ?" అని డాక్టరు కోడల్ని అడిగాడు.

"నడుమండీ" అన్నాను నేను.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"దానికి సిగ్గండీ. నడుమే."

"మూత్రానికి వెళ్ళేటప్పుడు మంటేమైనా ఉందా? జ్వరం వస్తోందా?"

"అబ్బే, అదేం లేదండీ!" అన్నాను. గట్టిగా అన్నాను, బెంచీ దాకా వినపడేలా. కోడలు నా మొహం చూసింది. "లేదండీ" అంది.

నేను సిగ్గుపడుతున్నది దీనికి. ఆ మాట ఆయనే అన్నాడు. నేను అనక్కర్లేదు, అవునంటే చాలు. తలూపినా చాలు. పాలాయన వింటాడని తలూపలేదు. షెడ్డులో మేం పెట్టుకున్న దొంగపేరుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి, అదే అసలు పేరన్నట్టు చెప్పాను. షెడ్డులో నడుమంటే పక్కామెకి తెలుస్తుంది. డాక్టరుకేం తెలుస్తుంది? ఆయనకి నడుమంటే నడుమే. నొప్పి బిళ్ళలు రాశాడు. బిళ్ళ వేసుకుంటే నొప్పి తగ్గేది, మళ్ళీ వచ్చేది. మళ్ళీ వెళ్ళాం. ఇంకాస్త గట్టి బిళ్ళలు, నడుముకి పెట్టుకునే పట్టీ రాశాడు. ఆ పట్టీ నేనే రోజూ పొద్దున బిగించేదాన్ని. మోకాలు దాని వీపుకి ఆనించి లాగి బిగించేదాన్ని. "అత్తా, కింద నొక్కుతోంది" అనేది. "నొక్కాలి, అప్పుడే పనిచేస్తుంది" అనేదాన్ని. ఆ బిళ్ళలు కూడా ఒక్క గుక్క నీళ్ళతోనే మింగేది.

దానికి అప్పటికే మూత్రంలో మంట, చీము, అప్పుడప్పుడు ఎర్రగా. ఇది నాకు తెలుసు. నేనన్న మాట మూత్రం కాదు. నేనన్నది విని, ఇదంతా రాసుకుంటున్న గుమాస్తా గారు కలం ఆపి, "మూత్రం అని రాస్తానమ్మా" అన్నారు. సరేనన్నాను. నాకు తెలుసన్నది రాసుకుంటే చాలు.

మంగళవారం సంగతి. పొద్దున దానికి ఒళ్ళు కాలిపోతోంది. మానెయ్యమన్నాను. "ఇవాళ సరుకు వెళ్ళాలి అత్తా, ఇవాళ మానితే రేపు మిషను ఉండదు" అంది. పట్టీ బిగించాను. ఎనిమిదింటికి పనిలో కూర్చున్నాం. పదిన్నరకి టీ గంట కొట్టాక సూపర్‌వైజరు ఏదో పని మీద యజమాని ఆఫీసుకి వెళ్ళాడు. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు. కండె జేబులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది, వెళ్తుంటే చూశాను.

కాసేపటికి కోడలు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఆగడం లేదు."

"ఓర్చుకో. వచ్చేస్తాడు."

వెళ్ళి కూర్చుంది. మళ్ళీ వచ్చింది. ఈసారి నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఓర్చుకో అన్నాను. భోజనాల గంటకి ఎలాగూ వచ్చేస్తాడు, ఓర్చుకో అన్నాను. వెళ్ళి కూర్చుంది. పదకొండున్నర అయి ఉంటుంది. అది మిషను మీది నుంచి లేచింది. నా దగ్గరికి రాలేదు. నా వైపు చూడలేదు. గోడ పట్టుకుని మరుగుదొడ్డి వైపు నడవడం మొదలెట్టింది, తాళం ఉందని తెలిసి కూడా.

బట్ట కోసేటప్పుడు జరగకుండా పైన పెట్టే ఇనుప దిమ్మలు కొన్ని ఉంటాయి. దగ్గరి బల్ల మీది నుంచి ఒకటి తీసుకున్నాను. ఇస్త్రీవాళ్ళలో ఒకడు, "కత్తెరమ్మా, ఎవరి తల పగలగొడతావ్?" అన్నాడు. వాళ్ళని దాటుకుని వెళ్ళి ఆ దిమ్మతో తాళం మీద కొట్టాను. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ఊడింది. లోపలికి వెళ్ళాను. రెండో గది తలుపు ముందు కూడా కొత్తగా పెట్టెలు పెట్టేశారు, సందు లేదు. ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తున్నాను. కోడలు గుమ్మం దాకా వచ్చింది. ఆ సమయంలో ఆమె తీవ్రమైన నడుము నొప్పి వలన అస్వస్థతకు లోనైనది. నేను వెనక్కి తిరిగి చూశాను. దాని చీర చూశాను, నేల చూశాను. అది నన్ను చూసింది.

అప్పుడే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. వెనక ఇస్త్రీవాళ్ళు, బట్ట కోసేవాళ్ళు. నా చేతిలో జిప్పుల పెట్టె ఉంది.

"ఏయ్ ముసలీ, ఏం చేస్తున్నావ్?"

వాళ్ళింకా గుమ్మం దాకా రాలేదు. రెండడుగులు వేస్తే దాని చీర చూస్తారు, నేల చూస్తారు. చూస్తే ఆ కేక మొదలవుతుంది. ఆ కేక దాని బతుకంతా వినిపిస్తుంది. నేను ముందుకొచ్చి ఆ పెట్టె ఎత్తి వాళ్ళ కాళ్ళ ముందు విసిరికొట్టాను. జిప్పులు చెల్లాచెదరయ్యాయి.

"దొంగతనానికొచ్చానురా! పట్టుకుంటావా? పట్టుకో!"

అందరూ జిప్పుల మీద పడ్డారు. అందరూ నన్నే చూశారు. దాని చీర వైపు ఒక్కడూ చూడలేదు. కాజాలు తీసే ఆమె, కాజాలక్క అంటాం, ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి కోడలి నడుము చుట్టూ పనికిరాని గుడ్డ ముక్కొకటి చుట్టేసి వెనక నుంచి తీసుకుపోయింది. నాకు అంతే కావాలి. ఆ క్షణంలో నాకు భలే తెలివిగా చేశాననిపించింది. దొంగ అనిపించుకోవడం నాకు కష్టంగా లేదు. అయ్యగారికి వింతగా ఉండొచ్చు. మాలాంటివాళ్ళని దొంగలనడం లోకానికి అలవాటే, పని దిగేటప్పుడు గేటు దగ్గర రోజూ మా సంచులు తడిమి చూస్తారు. దానికి మొహం ఎలా పెట్టుకోవాలో మాకు తెలుసు. రెండోదానికి మొహం ఎలా పెట్టుకోవాలో తెలియదు.

స్టేషన్‌లో ఎస్సై గారు అడిగారు, "జిప్పులెందుకమ్మా నీకు?"

"అమ్ముకోవడానికి."

"ఎవరికి అమ్ముతావ్?"

ఎవరికో ఒకరికి అన్నాను. నా జన్మలో జిప్పు ఉన్న బట్ట వేసుకోలేదు. ఆయన నవ్వి రాసుకున్నారు. షెడ్డులో ఆడవాళ్ళని అడిగితే, మాకేం తెలీదన్నారట. వాళ్ళని తప్పుపట్టను. తెలుసనాలంటే వాళ్ళూ ఆ మాట అనాలి. నా కొడుకు ఫోను చేసి, "అమ్మా, దొంగతనం చేశావంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. నిజమే అన్నాను. లారీ ఇంజను చప్పుడు వినపడుతోంది. కొడుక్కి మాత్రం ఎలా చెప్పను?

గురువారం సాయంత్రం కాజాలక్క జామీను ఉండి నన్ను విడిపించింది. అప్పుడు తెలిసింది, కోడలు బుధవారం తెల్లవారుజామున స్పృహ లేకుండా పడి ఉంటే కాజాలక్కే పెద్దాసుపత్రిలో చేర్చిందని. అటే ఆసుపత్రికి వెళ్ళాను, అప్పటికి దానికి స్పృహ వచ్చింది. అక్కడ ఆడడాక్టరు ఉంది. చిన్నపిల్ల, నా కోడలి ఈడు. మంచం చుట్టూ తెర లాగింది.

"ఎప్పటి నుంచమ్మా ఇలా?" అని కోడల్ని అడిగింది.

"నడుమండీ..." అంది కోడలు.

"నడుమంటే ఎక్కడ? చెయ్యి పెట్టి చూపించు."

కోడలు దుప్పట్లోంచి చెయ్యి తియ్యలేదు. నా మొహం చూసింది. అంత ఒంట్లో బాగాలేకపోయినా, చెప్పమంటావా అత్తా అన్నట్టు నా మొహం చూసింది. నా కాళ్ళ కింద భూమి చీలితే బాగుండుననిపించింది. డాక్టరు చెవి దగ్గరికి వంగి అన్నీ చెప్పాను. మంట, చీము, ఎర్రగా పడడం, నీళ్ళు తాగకపోవడం, కండె, బిళ్ళలు, పట్టీ. ఆ పిల్ల బిళ్ళల పేరడిగింది. ఖాళీ అట్టలు కాజాలక్క తెచ్చి చూపించింది.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొదట్లోనే మూత్రం పరీక్ష చేయించి ఉంటే వారం రోజుల మందుతో పోయేదమ్మా అంది. నీళ్ళు లేని ఒంట్లో ఆ నొప్పి బిళ్ళలు పడి, మీదికి చీము పాకి, రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయంది. కొన్నాళ్ళు మిషను మీద రక్తం శుభ్రం చేస్తూ ఉంటే మళ్ళీ కోలుకునే అవకాశం ఉందంది. ఆపితే లేదంది.

మిషనన్న మాట వినపడి కోడలు కళ్ళు తెరిచింది. "ఇక్కడా మిషనేనా అత్తా? తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అంది. నవ్వాలని చూసింది.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి కిటికీ దగ్గర మా షెడ్డు వైద్యం కార్డు చూపించాను. చెల్లదన్నారు. దొంగతనం కింద ఇద్దర్నీ పనిలోంచి తీసేశారట, పనిలేనివాళ్ళకి కార్డు పనిచేయదట. "నేను కదా దొంగని, దాని కార్డెందుకు చెల్లదు?" అని కిటికీ మీద కొట్టాను. అప్పుడు కిటికీలో ఉన్నాయన షెడ్డువాళ్ళు పంపిన స్టేషన్ కాగితం చదివి వినిపించాడు. కోడలు గుమ్మంలో కాపలా నిలబడిందని అందులో ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది. అది గుమ్మంలో ఎందుకు నిలబడిందో చెప్పనందుకు, అందరూ కలిసి ఇంకో కారణం పెట్టారు. దాని పరువు కాపాడానని నేను మురిసిన అబద్ధమే దాని మిషను ఆపబోతోంది. కార్డు లేకుండా ఈ వారం దాకా చూడగలనని, ఆ పైన తన చేతిలో లేదని ఆడడాక్టరు చెప్పింది.

సూపర్‌వైజరు శనివారం ఇంటికి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "కత్తెరమ్మా, దొంగతనం ఒప్పుకున్నట్టే ఉండనియ్. పెద్దదానివని యజమాని కేసు వెనక్కి తీసుకుంటాడు. నిన్ను మళ్ళీ పనిలో పెట్టుకుంటాడు. లేనిపోని మరుగుదొడ్డి గొడవలు కోర్టులో మాట్లాడితే ఆడవాళ్ళకే కదా అప్రతిష్ట?"

"నా కోడలి కార్డో?" అన్నాను.

"అది తర్వాత చూద్దాం."

"నీ కండె తీసుకెళ్ళి మీ ఇంట్లో వేలాడదీసుకో. నీ తల్లిని, నీ పెళ్ళాన్ని అడగమను నిన్ను, వెళ్ళొచ్చా అని" అన్నాను. అతను తల దించుకున్నాడు. ఈ మాట మూడేళ్ళ కిందట అనాల్సింది.

నిన్న సాయంత్రం కోడలి మంచం దగ్గర కూర్చుని అడిగాను. నా కొడుకు కూడా ఉన్నాడు, లారీ దారిలో అప్పగించి వచ్చాడు. వాడికి అప్పటికి అంతా చెప్పేశాను.

"కోర్టులో చెప్పనా పిల్లా? మగవాళ్ళుంటారు. రాసుకుంటారు."

"చెప్పు."

"మంగళవారం సంగతి కూడానా?"

"అదే చెప్పు అత్తా. కానీ నడుమని మాత్రం చెప్పకు" అంది.

అందుకని వచ్చాను. తాళం పగలగొట్టింది నేను. దానికి ఏ శిక్ష వేసినా వేయండి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళం ఆడమనిషి పగలగొట్టడం ఎంత నేరమో అయ్యగారే చూడండి. దొంగతనం నేను చేయలేదు. నా కోడలు కాపలా నిలబడలేదు. దాని పేరు ఈ కేసులోంచి తీసేయండి, తీసేసినట్టు కాగితం ఇవ్వండి, ఆ కిటికీ దగ్గరికి పట్టుకెళ్తాను. అది పనిలో ఉండగా, పని వల్ల జబ్బుపడిందని రాయండి. కాజాలక్క బయట వరండాలో ఉంది. తనూ చెప్తానంది. ఇంకో నలుగురు కూడా వచ్చి ఉన్నారు, కొంగులు కప్పుకుని కూర్చున్నారు. పిలిస్తే చెప్తారో లేదో తెలియదు. నా తర్వాత చెప్తారనుకుంటున్నాను.

ఇందులో నేను చేసిందీ కళ్ళారా చూసిందీ తప్ప వేరే ఏమీ లేదు. నాకు ఎవరూ నేర్పలేదు. ఈసారి చదివి వినిపించమని నేనే అడిగాను.

చదివి వినిపించిన తర్వాత చెప్పినది: గుమాస్తా గారు మొదటి నుంచి చదువుతుంటే ఒకచోట ఆపమన్నాను. "ఆ సమయంలో ఆమె తీవ్రమైన నడుము నొప్పి వలన అస్వస్థతకు లోనైనది" అన్నచోట. ఆ ముక్క నాది కాదన్నాను. గుమాస్తా గారు, "అమ్మా, ఆడపిల్ల సంగతి. కోర్టు కాగితంలో ఎప్పటికీ ఉండిపోతుంది. అందుకని కాస్త మర్యాదగా రాశాను" అన్నారు. ఆయన మంచి మనసుతోనే రాశారు. వీధి చివర డాక్టరుకి నేనూ మంచి మనసుతోనే చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే రాయమని అయ్యగారు చెప్పారు. ఆ ముక్క నా ఎదురుగా కొట్టేశారు. దాని బదులు నేను చెప్పినది ఇది:

"సూపర్‌వైజరు తాళంచెవి జేబులో పెట్టుకుపోయినందువల్ల, నేను ఓర్చుకోమన్నందువల్ల, నా కోడలు మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి చీరలోనే ఉచ్చ పోసుకుంది."

ఇది కూడా పైకి చదివించుకున్నాను. సరిగ్గా ఉంది.

కొట్టివేత పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి, రెండూ నా ఎడమ చేతి బొటనవేలి ముద్రలే.